సన్నగీత నిలవాలంటే

అక్షరం - అచ్చు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే జాతి అక్షరాల గురించి ఉన్నాయి. నిలువు గీత బాగా లావుగా, అడ్డగీత వెంట్రుకంత సన్నగా ఉండి, కొసల్లో సన్నటి పాదాలు తగిలించినట్టుండే ఇంగ్లీషు అక్షరాలవి. బొడోని, డిడో, ప్లేఫెయిర్ డిస్‌ప్లే లాంటి పేర్లతో కంప్యూటర్లో దొరుకుతాయి. ఫ్యాషన్ పత్రికల అట్టల మీద చూసే ఉంటారు. ‘వోగ్’ పేరు దశాబ్దాలుగా ఈ తరహా అక్షరాల్లోనే వస్తోంది. ఇప్పుడు మన కోనసీమ శుభలేఖల దాకా వచ్చాయి. ఈ అక్షరాలంటే నాకు ప్రాణం. అందుకే ఈ నెల జాగా అంతా వీటికే ఇస్తున్నాను.

ప్రశ్న: మాఘంలో మా చెల్లి పెళ్లి. శుభలేఖ మీద వధూవరుల పేర్లు ఇంగ్లీషులో బొడోని అక్షరాలతో ఉండాలని తన కోరిక. మెరూన్ కార్డు మీద బంగారు రంగు. స్క్రీన్ ప్రింటింగ్ చేసే ఆయనేమో “ఈ గీతలు నిలవవండీ, వేరే ఫాంటు చూసుకోండి” అంటున్నారు. నిజంగా రాదా? ఆయనకు చేతకాదా? – ఒక పాఠకుడు, అమలాపురం

ఆయన్ని వదులుకోకండి. ఒప్పేసుకుని, అడ్డగీతలు తెగిపోయిన కార్డులు మూటగట్టి ఇచ్చేవాళ్లూ ఉంటారు. ముందే చెప్పిన మనిషి నిజాయితీపరుడు. కాకపోతే ఆయన చెప్పినదాంట్లో ఇంకో సగం ఉంది. నిలవకపోవడం ఫాంటు వల్ల కాదు, సైజు వల్ల.

లెక్క చూడండి. ఒక ఫాంటులో సన్నగీత మందం, అక్షరం సైజులో యాభయ్యో వంతు అనుకుందాం. అక్షరాల సైజును పాయింట్లలో కొలుస్తారు, పాయింటంటే అంగుళంలో 72వ వంతు. 48 పాయింట్ల సైజులో పేరు వేస్తే ఆ గీత దాదాపు ఒక పాయింటు ఉంటుంది. 24 పాయింట్లకు దిగితే అర పాయింటు. అదే ఫాంటులో కల్యాణ మండపం చిరునామా 10 పాయింట్లలో వేస్తే గీత మందం 0.2 పాయింటు, అంటే మిల్లీమీటరులో పదో వంతు కూడా ఉండదు. స్క్రీన్ ప్రింటింగులో ఇంకు సన్నటి వలలోంచి దిగాలి. గీత ఆ వల దారాలంత సన్నబడితే కొంతచోట దిగుతుంది, కొంతచోట దిగదు. పైగా బంగారు రంగు ఇంకులో లోహపు పొడి ఉంటుంది. అది దిగాలంటే కాస్త పెద్ద కన్నాల వల కావాలి. అంటే సన్నగీతకు ఇంకా కష్టం. ఆయన భయమంతా ఇక్కడే.

అందుకని పేర్లు రెండూ ఒక్కో వరుసలో, 40 పాయింట్లకు తగ్గకుండా వేయించండి. ముహూర్తం, వేదిక, విందు వివరాలు ఈ ఫాంటులో అసలు వద్దు. గీత అంతా ఒకే మందంగా ఉండే మామూలు ఫాంటు ఏదైనా సరిపోతుంది. నేనైతే అర పాయింటు కన్నా సన్నటి గీతను స్క్రీన్ ప్రింటింగుకు ఇవ్వను.

ఖర్చుకు వెనకాడకపోతే గోల్డ్ ఫాయిల్ చేయించండి. డై, అంటే లోహపు అచ్చు, చేయించి వేడిమీద అద్దుతారు కాబట్టి అంచు పదునుగా వస్తుంది. అయితే అందులో ప్రమాదం ఇంకోవైపు నుంచి వస్తుంది. ‘ఏ’ (a), ‘ఈ’ (e) లాంటి ఇంగ్లీషు చిన్నక్షరాల్లో లోపలి ఖాళీ ఫాయిల్‌తో పూడిపోతుంది. దానికీ మందు పెద్ద సైజే.

పేర్లు పేర్చేటప్పుడు ఒక్క నిమిషం కూర్చుని చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. ఈ జాతి అక్షరాల్లో పెద్ద ‘ఎన్’ను తేరిపార చూడండి. రెండు నిలువు గీతలూ సన్నగా ఉంటాయి, లావంతా మధ్యలో ఏటవాలు గీతది. ‘ఏ’లో ఎడమ కాలు సన్నం, కుడి కాలు లావు. ‘వి’లో సరిగ్గా దానికి తిరగేసినట్టు. అందుకే ‘ఏ’ పక్కన ‘వి’ వస్తే రెండు లావు గీతలు ఒకే వాలులో ఎదురుబొదురు నిలబడి, మధ్యలో వెడల్పాటి ఖాళీ మిగులుతుంది. చిన్న సైజులో అది కంటికి ఆనదు గానీ 40 పాయింట్లలో పేరు రెండు ముక్కలైనట్టుంటుంది. డిజైన్ చేసే కోరెల్ సాఫ్ట్‌వేర్‌లో ఆ రెండక్షరాల్నీ చేత్తో దగ్గరికి జరిపించండి. పేర్ల మధ్య ‘వెడ్స్’ అని రాసే బదులు ఇదే ఫాంటు ఇటాలిక్‌లో ఉండే ‘అండ్’ గుర్తు (&) పెట్టి చూడండి. ఆ ఒక్క గుర్తులో ఉన్న వంపులకే నేను ఈ ఫాంట్లను ప్రేమించాను.

ఫైలు ఇచ్చేటప్పుడు అక్షరాల్ని కర్వ్స్ చేసి, అంటే ఫాంటు అవసరం లేని గీతల బొమ్మలుగా మార్చి ఇవ్వండి. లేకపోతే వాళ్ల సిస్టమ్‌లో ఆ ఫాంటు లేక వేరేది వచ్చి కూర్చుంటుంది. ప్రూఫ్ మాత్రం తెల్ల కాగితం మీద ప్రింటవుట్ చూసి ఓకే చేయకండి. అదే మెరూన్ కార్డు మీద, అదే ఇంకుతో ఒక్కటి లాగించమని అడగండి.

ప్రశ్న: కొత్తగా చీరల షాపు పెడుతున్నాను. బోర్డు మీద పేరు ఈ స్టైలిష్ అక్షరాల్లో ఉండాలని ఉంది. రోడ్డు మీద పోయేవాళ్లకు కనిపిస్తుందా? – ఒక పాఠకురాలు, భీమవరం

కనిపిస్తుంది కానీ చదవబుద్ధి కాదమ్మా. దూరం పెరిగేకొద్దీ సన్నగీతలు ముందు మాయమవుతాయి. లావు గీతలు మాత్రం మిగిలి, పేరు కాస్తా నిలబెట్టిన కర్రల వరుసలా కనిపిస్తుంది. పైగా బోర్డుకు ఎల్ఈడీ అక్షరాలు చేయిస్తారు కదా, ఆ సన్నటి గీతలో లైటు పట్టే చోటే ఉండదు. మెయిన్‌రోడ్డు మీది బోర్డుకు గీత మందంగా ఉన్న ఫాంటు తీసుకోండి. మీకిష్టమైన ఈ అక్షరాల్ని షాపు లోపల క్యాష్ కౌంటరు వెనక గోడ మీద, కవర్ల మీద, విజిటింగ్ కార్డు మీద వాడండి. అక్కడ మనిషి అడుగు దూరంలో ఉంటాడు.

ప్రశ్న: మా కాలేజీ వార్షిక సంచికకు నేను సంపాదకురాలిని. ఇంగ్లీషు వ్యాసాలన్నీ బొడోనిలో వేశాం. మ్యాప్‌లితో కాగితం. చూడ్డానికి బాగుంది గానీ రెండు పేజీలు చదివేసరికి కళ్లు లాగుతున్నాయని పిల్లలంటున్నారు. అంత పేరున్న అక్షరాలకు ఈ లోపం ఎందుకుంది? తెలుగు వ్యాసాలకు జతగా ఏ ఫాంటు వాడాలి? – ఒక అధ్యాపకురాలు, రాజమహేంద్రవరం

లోపం బొడోనిది కాదు మేడమ్, కంప్యూటర్‌ది. కాస్త వెనక్కి వెళ్తే తెలుస్తుంది.

పద్దెనిమిదో శతాబ్దం మధ్య దాకా యూరప్‌లో అచ్చు కాగితం గరుకుగా ఉండేది. తడిపి, గట్టిగా అదిమితే గానీ అక్షరం పడేది కాదు. అంత ఒత్తిడిలో సన్నగీత కూడా ఇంకు పీల్చి లావయ్యేది. ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ వాడు జాన్ బాస్కర్‌విల్ నున్నటి కాగితం, నల్లటి ఇంకు కోసం పట్టుబట్టాడు. అచ్చయిన కాగితాల్ని వేడి రేకుల మధ్య నొక్కి నిగనిగలాడించాడు. 1757లో ఆయన అచ్చువేసిన రోమన్ కవి వర్జిల్ కావ్యాలు చూసి యూరప్ అంతా ముచ్చటపడింది. కాగితం నునుపెక్కాక సన్నగీతను ఇంకా సన్నగా చెక్కే ధైర్యం వచ్చింది. పారిస్‌లో డిడో కుటుంబం, ఇటలీలో పార్మా ప్రభువు ముద్రణాలయం నడిపిన జాంబటిస్టా బొడోని ఆ ధైర్యాన్ని చివరికంటా తీసుకెళ్లారు. రాగిరేకు మీద సూదిమొన పనిముట్టుతో చెక్కే గీతల్లోని లావు, సన్నం సీసపు అక్షరాల్లోకి వచ్చాయి. బొడోని 1813లో చనిపోతే, ఆయన జీవితకాలం చెక్కిన అక్షరాల నమూనా పుస్తకాన్ని 1818లో రెండు సంపుటాలుగా బయటికి తెచ్చింది ఆయన భార్య మార్గరీటా.

నేను నొక్కి చెప్పాలనుకున్నది ఇక్కడుంది. సీసపు అక్షరాల రోజుల్లో ప్రతి సైజుకూ అక్షరాన్ని విడిగా చెక్కాలి. పుస్తకం లోపలి చిన్నక్షరానికి సన్నగీత కొంచెం బలంగా, అక్షరం కొంచెం వెడల్పుగా ఉంచేవారు. శీర్షికలకు పనికొచ్చే పెద్దక్షరానికి వచ్చేసరికి గీతను వెంట్రుకలా సాగదీసేవారు. పేరు ఒకటే అయినా బొమ్మలు వేరు. కంప్యూటర్లో చాలా ఫాంట్లకు ఉన్నది ఒకే బొమ్మ. అదే పెరుగుతుంది, అదే కుంచించుకుపోతుంది. శీర్షిక కోసం గీసిన బొమ్మను మీరు 11 పాయింట్లకు కుదించి పేజీలకు పేజీలు పరిచారు. మ్యాప్‌లితో ఇంకు పీల్చే కాగితం, ఆర్ట్ పేపరులా పూత ఉండదు. దాని మీద కొన్ని సన్నగీతలు పూర్తిగా పోయాయి, లావు గీతలు ఇంకాస్త ఉబ్బాయి. పిల్లల కళ్లు ప్రతి వరుసలోనూ నల్లటి నిలువు గీతల్ని దాటుకుంటూ పోవాల్సి వస్తోంది. లాగక ఏం చేస్తాయి?

దీనికి రెండు దారులున్నాయి. సైజును బట్టి బొమ్మ మారే ఫాంట్లు ఇప్పుడు వస్తున్నాయి, వాటిని ఆప్టికల్ సైజులంటారు. ‘బొడోని మోడా’లో ఆ ఏర్పాటు ఉంది, ఉచితం కూడా. రెండోది, నాకు నచ్చినది: శీర్షికలకూ, వ్యాసం మొదట్లో పెట్టే పెద్ద అక్షరానికీ బొడోని ఉంచేసి, లోపలి పాఠానికి గీతల తేడా తక్కువున్న పుస్తకాల ఫాంటు తీసుకోండి. బాస్కర్‌విల్ పేరుతోనే దొరికేవి చక్కగా నప్పుతాయి. ప్లేఫెయిర్ డిస్‌ప్లేను మాత్రం పాఠానికి పెట్టకండి. 2011లో క్లాస్ ఎగ్గర్స్ సోరెన్సెన్ దాన్ని చేసిందే పెద్ద సైజుల కోసం, పేరులోనే డిస్‌ప్లే అని ఉంది.

ఇక తెలుగు. ఇంగ్లీషు శీర్షిక బొడోనిలో ఉంది కదా అని తెలుగు శీర్షికకు కూడా సన్నం, లావు ఉన్న ఫాంటు కోసం వెతుకుతారు చాలామంది. నేను వెతకను. రెండు లిపులూ పక్కపక్కన ఉన్నప్పుడు చూడాల్సింది పేజీ మీద పడే నలుపు. కళ్లు సగం మూసి రెండు శీర్షికల్నీ చూడండి, ఏదీ రెండోదాని కన్నా ముందుకు తోసుకురాకపోతే జత కుదిరినట్టే. లోపలి పాఠానికి ‘టైరో తెలుగు’ పెట్టి చూడండి. మన ప్రాచీన కావ్యాల్ని ఇంగ్లీషు అనువాదంతో కలిపి వేసే మూర్తి క్లాసికల్ లైబ్రరీ అనే పుస్తకాల వరుస కోసం చేసిన తెలుగు అక్షరాల నుంచి వచ్చిన ఫాంటు అది. పెద్దన గారి మనుచరిత్రను 2015లో ఆ లైబ్రరీ వేసింది. దొరికితే లోపలి పేజీలు చూడండి, తెలుగు పద్యం కాగితం మీద అంత హుందాగా కూర్చోవడం నేను ఎక్కువ చోట్ల చూడలేదు. సాదాగా కావాలంటే ‘మండలి’ ఉంది.

వరుసల మధ్య ఖాళీ ఇంగ్లీషుకు ఇచ్చినంత ఇస్తే తెలుగుకు చాలదు. పైన గుడి దీర్ఘం, కింద వత్తు, ఒక్కోసారి వత్తు కింద వత్తు. సైజు 12 అయితే వరుసకు 18 పాయింట్లయినా ఇవ్వండి. పేజీలు పేర్చే ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో వత్తులు విడిపోయి పక్కన పడుతుంటే టెన్షన్ పడకండి, పేరాగ్రాఫ్ సెట్టింగుల్లో ‘వరల్డ్ రెడీ కంపోజర్’ ఎంచుకుంటే సర్దుకుంటాయి.

ప్రశ్న: మేం కొంతమంది ఆడవాళ్లం కలిసి లేసు అల్లి అమ్ముతున్నాం. సరుకుకు కట్టే ట్యాగు, కుట్టే లేబులు, ఒక చిన్న కేటలాగు చేయించాలి. మా పనికి ఈ సన్నగీతల అక్షరాలు అందంగా ఉంటాయని మా అమ్మాయి అంటోంది. – ఒక పాఠకురాలు, నరసాపురం

మీ అమ్మాయి చూపు బాగుందండి. నరసాపురం క్రోషే లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇన్నాళ్లూ పేరు లేకుండా ఎక్కడెక్కడికో వెళ్లిపోయిన పని అది. ఇప్పుడు దాని మీద ఊరి పేరు పడుతుంటే ఆ అక్షరం పనికి తగ్గట్టుండాలని నేనూ అంటాను. లేసులో దారం ఎంత ముఖ్యమో కన్నం అంత ముఖ్యం, ఈ అక్షరాల్లోనూ అంతే. చుట్టూ తెల్లటి జాగా వదిలితేనే సన్నగీత కనిపిస్తుంది. అందుకని ట్యాగు మీద పేరు ఒక్కటే ఈ అక్షరాల్లో వేయించండి. బోర్డరు, పువ్వు, నెమలి ఏమీ వద్దు. ధర, కొలత, ఉతికే పద్ధతి వెనకవైపు సాదా అక్షరాల్లో ఉండాలి.

ట్యాగుకు తెల్ల కార్డు మీద నలుపు ఒక్క రంగే చాలు. ముదురు రంగు నేల మీద తెల్ల అక్షరం, అంటే రివర్స్, అడగకండి. నాలుగు రంగులు కలిపి అచ్చేసే నేల మీద ఒక రంగు అచ్చేసే ప్లేటు వెంట్రుకవాసి జరిగినా చుట్టూ ఉన్న ఇంకు వచ్చి సన్నగీతను మింగేస్తుంది. అలాగే నల్ల అక్షరాన్ని నాలుగు రంగుల కలయికలో కాకుండా ఒక్క నలుపులోనే ఉంచమని డీటీపీ వాళ్లకు గట్టిగా చెప్పండి.

కుట్టే లేబులు సంగతి వేరు. అది నేసేది. దారం కన్నా సన్నటి గీత మగ్గం మీద రాదు. లేబులుకు అదే పేరును మందపాటి గీతలతో విడిగా గీయించండి. రెండూ ఒకేలా ఉండాలన్న పట్టు ఇక్కడ వద్దు.

ప్రశ్న: నేను డిజైన్ చదువుతున్నాను. తెలుగులో బొడోని లాంటి ఫాంటు చేయాలని నా కోరిక. అచ్చం అలాంటిది ఎందుకు కనబడదు? ఎక్కడ మొదలుపెట్టాలి? – ఒక విద్యార్థి, తణుకు

బాబూ, నీ ఉత్తరం చదివి సంతోషపడ్డాను. కొంచెం వివరంగానే చెబుతాను.

ఇంగ్లీషులో నిలువు గీతలున్నాయి కాబట్టి లావు ఎక్కడ పెట్టాలో వెతుక్కోనక్కర్లేదు. నిలువు లావు, అడ్డం సన్నం. మనకు నిలువు గీత ఏది? ర, ల, వ, గ, య, అన్నీ వంపులే. మన అక్షరం తాటాకు మీద గంటంతో పెరిగింది. గంటం మొన ఎటు తిరిగినా గీత ఒకే మందం. తీరిక చేసుకుని ద్రాక్షారామం వెళ్లి భీమేశ్వరాలయంలో శాసనాలు చూడు. వేలు పెట్టి రాతిలో ఆ వంపు వెంట పోయి చూడు. గీతలో లావు, సన్నం తేడా లేకుండానే ఆ అక్షరాలకు ఎంత నిండుదనం ఉందో తెలుస్తుంది.

ఇప్పుడు బొడోని సూత్రాన్ని అలాగే తెచ్చి ‘వ’ మీద పెట్టామనుకో. పక్కలు లావై, పైనా కిందా సన్నబడతాయి. కింద సన్నబడితే వరుసకు అడుగు ఉండదు, అక్షరాలన్నీ గాలిలో ఉన్నట్టుంటాయి. పైన సన్నబడితే ఇంకా పెద్ద చిక్కు. ‘వ’కూ ‘ప’కూ తేడా అంతా పైన మూసుకుందా, తెరుచుకుందా అన్నదే. ఆ మూసే గీత అచ్చులో ఎగిరిపోతే ‘వరుగు’ను ‘పరుగు’ అని చదువుతారు. ‘య’, ‘మ’, ‘ఘ’ లాంటి వాటిలో ఒక్కో వంపుకు రెండేసి లావు పక్కలు వచ్చి అక్షరం నల్లగా ముద్దకడుతుంది. పక్కనున్న ‘ర’ వెలవెలబోతుంది.

కాబట్టి అర్థం మోసే గీతలేవో ముందు రాసుకో. ‘ధ’, ‘భ’, ‘ఫ’ కింద ఉండే చిన్న గీత ఎప్పుడూ సన్నబడకూడదు, ‘ద’ నుంచి ‘ధ’ను విడదీసేది అదొక్కటే. తలకట్టుకు లావు ఇచ్చి చూడు, కంటికి వరుస దొరికేది అక్కడే. ‘ల’, ‘అ’ లోపల చుట్టుకునే కొసల్ని సన్నగా సాగదీయొచ్చు, అవి కాస్త పోయినా అక్షరం పోదు. సొగసంతా అక్కడ పెట్టుకో. లావులో నాలుగో వంతు కన్నా సన్నం చేయొద్దని నా అభిప్రాయం. బొడోని అంత తేడా మన వంపులు మోయవు.

వత్తుల దగ్గర చాలామంది తొందరపడతారు. పెద్దక్షరాన్ని కుదించి కింద పెట్టేస్తే దాని సన్నగీత ఇంకా సన్నబడుతుంది. ప్రతి వత్తునూ విడిగా గీయాలి, పై అక్షరంలో ఉన్న సన్నగీత మందమే కింద వత్తులోనూ ఉండాలి. బొడోని సైజు సైజుకూ విడిగా చెక్కింది ఈ కారణానికే.

మొదట కాగితం మీద, పెన్సిలుతో, అరచేతి సైజులో ర, న, ప, వ, య, ల గీయి. ఇవి కుదిరితే మిగతావాటికి దారి దొరుకుతుంది. తర్వాత ‘శ్రీ’, ‘స్త్రీ’. ఆపైన ‘రాజమహేంద్రవరం’ అని ఒక్క మాట పేర్చు. దీర్ఘాలు, సున్నలు, ఒక వత్తు, వరుసగా వంపులు అన్నీ అందులో ఉన్నాయి. దాన్ని ఒకసారి జానెడు పొడవున, ఒకసారి వేలి గోరంత పొడవున ప్రింటు తీసి గోడకు అంటించి చూసుకో. కంప్యూటర్లోకి ఎక్కించడానికి ఫాంట్‌ఫోర్జ్ ఉచితంగా దొరుకుతుంది. ఫాంటును తప్పకుండా యూనికోడ్‌లోనే, అంటే ఏ కంప్యూటర్లోనైనా తెలుగు తెలుగుగానే కనిపించే పద్ధతిలోనే చెయ్యి.

మీ జిల్లావాడే, నరసాపురంలో 1933లో పుట్టిన బాపు గారి చేతిరాత ఈ రోజు ఫాంటుగా ఇంటింటి శుభలేఖ మీదా ఉంది. ఇంగ్లీషు దేన్నీ అనుకరించకుండానే అంత సొగసు తెచ్చారాయన. నువ్వు గీసిన మొదటి ఆరక్షరాలు నాకు పంపు. చూసి రాస్తాను.

ప్రశ్న: ఈ ఫాంట్లు డబ్బు పెట్టి కొనాలా? పెన్‌డ్రైవ్‌లో ఫ్రెండ్ ఇచ్చాడు, వాడుకోవచ్చా? – ఒక డీటీపీ ఆపరేటర్, పాలకొల్లు

పెన్‌డ్రైవ్‌వి వద్దండి. మ్యాక్‌తో పాటు వచ్చే డిడో ఆ మ్యాక్‌లో పని చేసుకోవడానికే, ఫైలు కాపీ చేసి పంచడానికి కాదు. కస్టమరుకు రేపు ఇబ్బంది వస్తే మీ మీదికే వస్తారు. ప్లేఫెయిర్ డిస్‌ప్లే, బొడోని మోడా, లిబ్రే బొడోని మూడూ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం, వ్యాపారానికి కూడా వాడొచ్చు. తెలుగులో టైరో తెలుగు, మండలి, రామరాజ, సూరన్న కూడా అక్కడే ఉన్నాయి. మీ దగ్గర యూనికోడ్ కాని పాత ‘అను’ ఫాంట్లలో కొట్టిన మేటరు ఉంటే అది నేరుగా వీటిలోకి రాదు, ముందు యూనికోడ్‌కు మార్చుకోవాలి. మార్చాక అరసున్నలు, వత్తులు ఒకసారి ప్రూఫ్ చదవండి.